పసిబిడ్డ నిద్రకు మూవ్‌మెంట్ మానిటర్: ఇంట్లో వాడేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నవజాత శిశువుల వార్డులో నర్సుగా పనిచేస్తాను. బిడ్డను ఇంటికి తీసుకెళ్లే రోజు డిశ్చార్జి కాగితాలు చేతికిస్తుంటే ఈమధ్య చాలామంది అడిగేది ఒకటే: "సిస్టర్, ఆ పరుపు కింద పెట్టే మానిటర్ కొనమంటారా?" వార్డు గుమ్మంలో రెండు నిమిషాల్లో చెప్పి ముగించే జవాబు కాదిది. అందుకే నన్ను అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మాయి పుట్టినప్పుడు నేనూ ఒకటి వాడాను కాబట్టి ఆ అనుభవం కూడా కలుస్తుంది.

ఇది బిడ్డ ఊపిరిని కొలుస్తుందా?

కొలవదు. కదలికను మాత్రమే పట్టుకుంటుంది. ఊపిరి తీసినప్పుడు బిడ్డ పొట్ట, ఛాతీ లేచి దిగుతాయి కదా, ఆ చిన్న కదలిక పరుపులోంచి కింద ఉన్న ప్యాడ్‌కు అందుతుంది. డైపర్ అంచుకు తగిలించే క్లిప్ అయితే పొట్టకు ఆనుకుని అదే పని చేస్తుంది. చాలా మోడళ్లలో సుమారు 20 సెకన్లు ఏ కదలికా అందకపోతే అలారం మోగుతుంది. కొన్ని క్లిప్పులు 15వ సెకనుకే సన్నగా వణికి బిడ్డను కదిలించి చూస్తాయి.

ఆ 20 సెకన్ల లెక్క ఊరికే పెట్టింది కాదు. ఊపిరి 20 సెకన్లు ఆగితే డాక్టర్లు దాన్ని ఆప్నియా అంటారు. అంతకన్నా తక్కువగా, 5 నుంచి 10 సెకన్ల పాటు ఊపిరి ఆగి మళ్లీ అందుకోవడం నెలల పిల్లల్లో మామూలే. గబగబా నాలుగైదు ఊపిరులు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ గబగబా. పక్కన కూర్చుని చూసే తల్లికి మాత్రం ఆ నిశ్శబ్దం గంటసేపు ఉన్నట్టే ఉంటుంది.

మానిటర్ ఉంటే నిద్రలో ప్రాణం పోయే ప్రమాదం తప్పుతుందా?

తప్పుతుందని చెప్పే ఆధారం లేదు. ఏడాదిలోపు బిడ్డ నిద్రలో ఉన్నట్టుండి పోవడం, పోస్టుమార్టం చేసినా కారణం దొరక్కపోవడం, దీన్ని సిడ్స్ అంటారు. ఎక్కువగా 2 నుంచి 4 నెలల మధ్య జరుగుతుంది. ఆరు నెలలు దాటాక బాగా అరుదు. ఇంట్లో వాడే మానిటర్లు సిడ్స్‌ను తగ్గించవని, ఆ ఆశతో వాటిని వాడొద్దని అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, తన 2022 సూచనల్లో కూడా స్పష్టంగా చెప్పింది.

అయితే ఈ నమ్మకం ఎక్కడ పుట్టింది? 1972లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఆల్ఫ్రెడ్ స్టైన్‌ష్నైడర్ అనే పిల్లల డాక్టరు ఒక పరిశోధన పత్రం రాశారు. ఊపిరి పదే పదే ఆగే పిల్లలకే ఈ మరణం వస్తుందని, ముందే కనిపెడితే ఆపవచ్చని అందులోని వాదన. ఇంటి మానిటర్ల వ్యాపారం ఆ మాట మీదే పెరిగింది. ఆ పత్రానికి ఆయువుపట్టు ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు పిల్లలు. వాళ్లకు ముందు ఆమె బిడ్డలు ముగ్గురు అలాగే పోయారు. 1995లో ఆ అయిదుగురినీ ఆమే చంపిందని కోర్టులో తేలింది. ఈ సంగతి చదివిన రోజు నాకు చాలాసేపు పని మీద మనసు నిలవలేదు.

తర్వాత అమెరికాలోనే 1,079 మంది పిల్లలకు ఇళ్లలో మానిటర్లు పెట్టి చూశారు, 2001లో ఫలితాలు అచ్చయ్యాయి. ఊపిరి 20 సెకన్లు ఆగడమో, గుండె నెమ్మదించడమో 445 మందిలో కనీసం ఒక్కసారైనా కనిపించింది. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. అంటే అలారం మోగే పరిస్థితి చాలామంది మామూలు పిల్లల్లోనే వస్తుంది, దానంతట అదే సర్దుకుంటుంది.

నిజంగా మరణాలు తగ్గింది వేరే దారిలో. పిల్లల్ని బోర్లా పడుకోబెట్టొద్దని 1992లో అమెరికా డాక్టర్లు చెప్పడం మొదలుపెట్టారు, 1994 నుంచి దేశమంతా ప్రచారం చేశారు. పదేళ్లలో సిడ్స్ మరణాలు సగానికి పడిపోయాయి. పైసా ఖర్చు లేని పని అది.

మోగాల్సిన సమయంలో మోగకపోయే అవకాశం ఉందా?

ఉంది. దీన్ని అమ్మేవాళ్లు చెప్పగా నేను వినలేదు. బిడ్డ ముఖం మీదికి దుప్పటి వచ్చిందనుకోండి, లేదా ముక్కు దిండులోకి కూరుకుపోయిందనుకోండి. బిడ్డ ఊపిరి కోసం పెనుగులాడుతుంది. డొక్కలు ఎగరేస్తుంది, కాళ్లు కొడుతుంది. లోపలికి గాలి పోవడం లేదు, కానీ ఒళ్లు కదులుతోంది. ప్యాడ్‌కు తెలిసేది ఆ కదలికే, కాబట్టి మోగదు. ఆ పెనుగులాట ఆగిపోయి ఇంకో 20 సెకన్లు గడిచాకే మోగుతుంది. అందుకే అందరికీ ముందు పడక ఖాళీ చేయమని చెబుతాను, మానిటర్ సంగతి ఆ తర్వాత.

పడక ఖాళీ అంటే? మా అత్తగారు ఆవాల దిండు లేకుండా పడుకోనివ్వరు.

గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన ఒక దుప్పటి, దాని మీద వెల్లకిలా బిడ్డ. అంతే. ఆవాల దిండు, రాగుల దిండు, రెండు పక్కలా పెట్టే గుండ్రటి దిండ్లు, మెత్తటి బొంత, బొమ్మలు, ఏవీ వద్దు. తల గుండ్రంగా రావాలన్న పెద్దల కోరిక నాకు తెలుసు. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మీరు దగ్గర కూర్చుని రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టి ఆడించండి. తల ఆకారానికీ మెడ బలానికీ అదే మందు. పెద్దావిడతో వాదన పెట్టుకోకుండా, "డాక్టరు గారు వద్దన్నారండీ" అని ఆ మాట మా మీద వేసేయండి.

దిష్టి తాడు, తాయెత్తు మెడలో ఉంటే తీసి మొలకు కట్టండి. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ బిడ్డకు పట్టొద్దు. ఇంట్లో ఎవరూ సిగరెట్, చుట్ట కాల్చొద్దు. సిడ్స్ ప్రమాదాన్ని పెంచేవాటిలో పొగాకు పొగ ముందు వరుసలో ఉంది. ఎండాకాలంలో కూడా టోపీ పెట్టి, చెవులకు గుడ్డ కట్టి, మూడు పొరలు చుట్టబెడుతుంటారు. మీకు ఉక్కగా ఉంటే బిడ్డకూ ఉక్కే. మెడ వెనక వేలు పెట్టి చూడండి, చెమట తగిలితే ఒక పొర తీసేయండి.

వెల్లకిలా పడుకుంటే పాలు కక్కి పొలమారదా?

ప్రతి అమ్మమ్మ భయమూ ఇదే. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు పైకెక్కి ఊపిరి గొట్టంలో పడటం కష్టం. బోర్లా పడుకుంటే ఇది తలకిందులవుతుంది. పాలు పట్టాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా ఆగి పడుకోబెట్టండి, చాలు. తలవైపు ఎత్తు పెట్టొద్దు. ఏటవాలు పడక మీద బిడ్డ జారి, గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి దారి మూసుకుపోతుంది.

ఉయ్యాలలో ప్యాడ్ పెట్టొచ్చా?

పెట్టొద్దు. చీర ఉయ్యాల అయినా, స్ప్రింగు ఉయ్యాల అయినా, చెక్క ఊయల తొట్టి అయినా ఊగుతున్నంతసేపూ ప్యాడ్‌కు కదలిక అందుతూనే ఉంటుంది. బిడ్డ కదలకపోయినా దానికి తెలియదు. ప్యాడ్ పనిచేయడానికి కదలని మంచం, గట్టి చదునైన అడుగు కావాలి. మంచం అడుగు వల లాగానో, ఎడంగా వేసిన పట్టీలుగానో ఉంటే పరుపుకీ దానికీ మధ్య పల్చటి ప్లైవుడ్ చెక్క వేసి, దాని మీద ప్యాడ్, ఆపైన పరుపు. పరుపు ఎంత మందం ఉండొచ్చో, ఏ రకం పనికిరాదో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ ఒక్క పేజీ తప్పక చదవండి.

పరుపు మీద, దుప్పటి కింద మాత్రం ప్యాడ్ ఎప్పుడూ పెట్టొద్దు.

చీర ఉయ్యాల గురించి ఇంకో మాట. నేనూ అందులోనే పెరిగాను, దాని మీద నాకు చిన్నచూపు లేదు. కానీ గుడ్డ వంపులో బిడ్డ ఒంగి పడుకుంటుంది, తల ముందుకు వాలుతుంది. జోకొట్టి నిద్రపుచ్చడానికి వాడండి, నిద్రపోయాక తీసి చదునైన పడక మీద వెల్లకిలా వేయండి. రాత్రంతా వదలొద్దు.

బిడ్డ మా పక్కనే మా మంచం మీద పడుకుంటుంది. అక్కడ పనిచేస్తుందా?

చేయదు. మీరు ఒత్తిగిలితే దాన్నీ బిడ్డ కదలికగానే లెక్కేస్తుంది. కనీసం ఆరు నెలల దాకా బిడ్డ మీ గదిలోనే, చేయి చాస్తే అందేంత దగ్గరలో, కానీ తన పడక మీద పడుకోవాలి. పాలిస్తూ మంచం మీదే కునుకు పడితే మెలకువ రాగానే మార్చండి. సోఫాలో మాత్రం బిడ్డను ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు పడొద్దు. మంచం కన్నా అది చాలా ప్రమాదం.

ఫ్యాన్, కూలర్ వల్ల ఇబ్బంది ఉంటుందా?

ఉంటుంది. గిర్రున ఊగే పాత సీలింగ్ ఫ్యాను, మంచానికి ఆనుకున్న కూలరు, పక్క గదిలో వాషింగ్ మిషను, ఏదైనా సరే మంచాన్ని వణికిస్తే ప్యాడ్ మోసపోతుంది. దీనికి ఒక పరీక్ష ఉంది. రాత్రి పడుకునేటప్పుడు ఏమేం ఆన్‌లో ఉంటాయో అన్నీ వేయండి. మానిటర్ ఆన్ చేసి, బిడ్డను ఎత్తుకుని, ఖాళీ మంచం దగ్గర నిలబడి సెకన్లు లెక్కపెట్టండి. మాన్యువల్‌లో చెప్పిన సమయానికి మోగాలి.

మా ఇంట్లో నేనిది మొదటిసారి చేసినప్పుడు 20 అయింది, 30 అయింది, నిమిషం అయింది, మోగలేదు. మంచం మీద ఎవరూ లేరు, పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. మంచం కాలు కూలర్‌కు తగులుతోంది. జానెడు దూరం జరిపాక సరిగ్గా మోగింది. అంతకుముందు తొమ్మిది రాత్రులు మేం ఆ పచ్చ దీపాన్ని చూసే నిద్రపోయాం. వారానికోసారి ఈ పరీక్ష చేయండి, గదిలో ఏ సామాను జరిపినా మళ్లీ చేయండి.

వైరు గురించి ఎందుకు అంతగా హెచ్చరిస్తారు?

ఎందుకంటే వైరు వల్ల పిల్లలు చనిపోయారు. 2013 నవంబర్‌లో అమెరికాలో ఏంజెల్‌కేర్ కంపెనీ సుమారు 6 లక్షల మానిటర్లకు రీకాల్, అంటే అమ్మిన సరుకులో లోపం ఉందని చెప్పి సరిదిద్దే ఏర్పాటు, ప్రకటించింది. పరుపు కింది ప్యాడ్ నుంచి వచ్చే తీగను బిడ్డ లోపలికి లాక్కుంటే మెడకు చుట్టుకుంటుంది. అలా ఇద్దరు పిల్లలు పోయాక వచ్చిన రీకాల్ అది. 1999 నుంచి అమ్మినవన్నీ అందులోకి వచ్చాయి. వైరు మీద తొడిగే గట్టి తొడుగులు కంపెనీ ఉచితంగా ఇచ్చింది.

బిడ్డ చేతికి అందే ఏ తీగా మంచానికి మూడు అడుగుల లోపు ఉండకూడదు. కెమెరా వైరు, ఫోన్ ఛార్జర్, కర్టెన్ తాడు, దోమతెర నాడా అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ప్యాడ్ తీగ తప్పనిసరైతే పరుపు కింద నుంచి మంచం బయటికి తీసి, తొడుగు వేసి, మంచం కాలి వెంట కిందికి దించి బిగించండి. కొనేటప్పుడే వైరు లేని రకం చూసుకుంటే మేలు.

పాత మానిటర్ చుట్టాలిస్తున్నారు. తీసుకోవచ్చా?

మాన్యువల్, వైరు తొడుగు, అసలు అడాప్టర్ ఉంటేనే. మోడల్ నంబర్ రీకాల్ జాబితాలో ఉందేమో చూడండి. మాకు ఒక దుకాణంలో కొత్తదని అమ్మిన డబ్బాలోనే తొడుగులు లేవు. అడిగితే "అవేం అవసరం లేదు మేడం" అన్నారు. తిరిగి ఇచ్చేశాం.

అమెరికా నుంచి అన్నయ్యో వదినో తెచ్చినదైతే అడాప్టర్ మీద అచ్చువేసిన అంకెలు చదవండి. 100–240 అని ఉంటే మన కరెంటుకు సరిపోతుంది. 120 అని మాత్రమే ఉంటే నేరుగా ప్లగ్‌లో పెట్టొద్దు.

కరెంటు పోతే?

బ్యాటరీ బ్యాకప్ ఉన్నదే తీసుకోండి. కరెంటు తీసేసి ఓసారి చూడండి. కొన్ని కరెంటు వచ్చాక తిరిగి వాటంతట అవి ఆన్ కావు.

డైపర్‌కు పెట్టే క్లిప్ సురక్షితమేనా?

తీగ లేదు కాబట్టి ఆ భయం లేదు. డైపర్ వదులుగా ఉంటే పొట్టకు ఆనదు, ఊరికే మోగుతుంది. ఒకేచోట రోజూ నొక్కుకుంటే చర్మం కందుతుంది, చోటు మారుస్తుండండి. అసలు భయం లోపలి బటన్ సెల్‌తో. నాణెం లాంటి ఆ లిథియం సెల్ బిడ్డ గానీ, ఇంట్లో ఉన్న రెండేళ్ల అన్న గానీ మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి, వాంతి చేయించొద్దు. సెల్ మూత స్క్రూతో బిగించే రకమే కొనండి.

సాక్స్‌లా తొడిగి ఆక్సిజన్ చూపించేవి వీటికన్నా మంచివా?

అవి వేరే జాతి. కదలిక కాక, రక్తంలో ఆక్సిజన్‌ను, గుండె వేగాన్ని చూపిస్తాయి. 2018లో ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రి వైద్యులు రెండు రకాలను 30 మంది పిల్లలకు తొడిగి ఆస్పత్రి పరికరంతో పోల్చారు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఒకటి కొన్నిసార్లు పట్టుకుంది, కొన్నిసార్లు వదిలేసింది. రెండోది ఒక్కసారీ పట్టుకోలేదు. ఆ తర్వాత పరికరాలు మారాయి. 2023 నవంబర్‌లో ఔలెట్ కంపెనీ సాక్స్‌కు అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. అదీ 1 నుంచి 18 నెలల ఆరోగ్యవంతులైన పిల్లల కోసం, జబ్బు కనిపెట్టడానికి కాదు.

కోవిడ్ రోజుల్లో కొన్న పెద్దవాళ్ల వేలి ఆక్సీమీటర్‌ను పసిబిడ్డ వేలికి పెట్టి ఫొటో తీసి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ అంకెను నమ్మొద్దు. బిడ్డ సన్నటి వేళ్లకు అది సరిగ్గా ఆనదు.

నెలలు నిండకుండా పుట్టిన మా బాబుకు డాక్టరే మానిటర్ రాశారు. ఇదీ అదేనా?

కాదు. ఊపిరి ఆగే సమస్య ఇంకా ఉన్న పిల్లలకు, ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకు డాక్టరు రాసేది వైద్య పరికరం. దాని హద్దులు ఎంతకు పెట్టాలి, ఎన్నాళ్లు వాడాలి, అలారం మోగితే ఏం చేయాలి, అన్నీ ఆస్పత్రిలోనే నేర్పి పంపాలి. నేర్పకపోతే డిశ్చార్జికి ఒప్పుకోకండి. ఆన్‌లైన్‌లో కొన్న ప్యాడ్ దానికి బదులు కాదు.

అలారం మోగింది. ఏం చేయాలి?

మానిటర్ వంక చూడకండి, బిడ్డను చూడండి. లైటు వేయండి. పెదాలు, నాలుక రంగు ఎలా ఉంది? పొట్ట లేచి దిగుతోందా?

రంగు బాగుండి, ఊపిరి ఆడుతుంటే బిడ్డను లేపాల్సిన పని లేదు. ప్యాడ్ మీదనుంచి మూలకు జరిగిందా, క్లిప్ ఊడిందా చూసి సరిచేయండి. ఎక్కువసార్లు జరిగేది ఇదే. అర్ధరాత్రి పాలకోసం బిడ్డను ఎత్తుకుని ఆపడం మర్చిపోతే కూడా మోగుతుంది. మా అమ్మ అలా మూడుసార్లు వీధంతా లేపింది.

ఊపిరి కనిపించకపోతే అరికాలు తట్టి, గట్టిగా పిలవండి. కదలిక వచ్చి, ఏడ్చి, రంగు తిరిగినా సరే, నీలం తిరగడం గానీ ఒళ్లు వాలిపోవడం గానీ మీరు చూసుంటే ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

స్పందన లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఒకరు గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి. ఒంటరిగా ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన పడేయండి. బిడ్డను నేల మీదో బల్ల మీదో గట్టి చోట వెల్లకిలా వేయండి. రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టుకుని, రెండు బొటనవేళ్లు రొమ్ముల గీతకు కొంచెం కింద, నడిమధ్యన పెట్టి నొక్కండి. లోతు 4 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120. ముప్పైసార్లు నొక్కాక, తల వెనక్కి వంచకుండా, ముందుకు వాలనీయకుండా తిన్నగా ఉంచి, మీ నోటితో బిడ్డ నోరూ ముక్కూ కలిపి మూసి, ఛాతీ లేచేంత మేరకే రెండు చిన్న ఊపిరులు ఊదండి. మళ్లీ ముప్పై. సహాయం వచ్చేదాకా ఆపొద్దు.

ముఖాన నీళ్లు కొట్టడం, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, కుదిపేయడం వద్దే వద్దు. కుదిపితే మెదడులో రక్తనాళాలు తెగుతాయి.

చదివితే ఇది రాదు. డిశ్చార్జికి ముందు బొమ్మ మీద చేసి చూపించమని మమ్మల్ని అడగండి. బిడ్డను రోజంతా చూసుకునే అమ్మమ్మకూ నేర్పించమనండి. మానిటర్ కొనే డబ్బులుండి ఇది నేర్చుకునే తీరిక లేదనే ఇంటిని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

వైఫై కెమెరా కూడా ఉంది. ఎవరైనా చూస్తారా?

చూసిన సంఘటనలున్నాయి. 2012లో ట్రెండ్‌నెట్ కంపెనీ కెమెరాలున్న సుమారు 700 ఇళ్ల దృశ్యాలు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి, కొన్నిట్లో ఉయ్యాలలో నిద్రపోయే పిల్లలున్నారు. డబ్బాలో వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి, యాప్ అప్‌డేట్ చేస్తుండండి. అవసరం లేకపోతే ఇంటర్నెట్ లేని రకమే హాయి.

ఎప్పుడు తీసేయాలి?

బిడ్డ బోర్లా పడి ఇంట్లో బొబ్బట్లు పంచే రోజున ముందు ఒక పని చేయండి: గుడ్డలో చుట్టబెట్టడం మానేయండి. నిజానికి బోర్లా పడటానికి ప్రయత్నిస్తున్నట్టు కనిపించినప్పుడే మానాలి. చేతులు బిగుసుకుని బోర్లా పడిన బిడ్డ తల తిప్పుకోలేదు. తనంతట తాను రెండు వైపులా దొర్లడం వచ్చాక, వెల్లకిలా వేసి వదిలేయండి, తను తిరిగితే మీరు మళ్లీ తిప్పక్కర్లేదు. దొర్లే బిడ్డ ప్యాడ్ అంచులకు పోతుంది, ఊరికే మోగుడు పెరుగుతుంది. ఆరు నెలల తర్వాత చాలా ఇళ్లలో దానంతట అదే అటక ఎక్కుతుంది. తీగలున్న రకమైతే బిడ్డ లేచి కూర్చునే లోపే తీసేయండి.

మానిటర్ ఉన్నా నాకు నిద్ర పట్టడం లేదు. గంటకోసారి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను.

మొదటి వారాల్లో ప్రతి తల్లీ అలా చూస్తుంది, నేనూ చూశాను. వార్డులో ఇరవై మంది బిడ్డల్ని చూసుకునే నాకు ఇంట్లో ఒక్క బిడ్డ దగ్గర చేయి వణికేది. మానిటర్ వల్ల ఆ భయం తగ్గినవాళ్లున్నారు, ప్రతి తప్పుడు అలారానికీ పెరిగినవాళ్లూ ఉన్నారు. రెండో రకమైతే పెట్టెలో పెట్టేయండి, బిడ్డకు ఏ లోటూ రాదు.

రాత్రిని పంచుకోండి. రెండింటి దాకా ఒకరు, తర్వాత ఇంకొకరు. మీ వంతు కానప్పుడు వేరే గదిలో పడుకోండి. బిడ్డ నిద్రపోతున్నా మీకు నిద్ర రాకపోవడం, ఏదో జరిగిపోతుందన్న ఆలోచన రోజంతా వదలకపోవడం, ఏడుపు ఆగకపోవడం రెండు వారాలు దాటితే దాన్ని బాలింత నీరసమని సరిపెట్టుకోకండి. బిడ్డ టీకాకు వచ్చిన రోజున మీ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. బయటికి వెళ్లే వీలు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.